శిగం దిగిన బాలమ్మ

నిడమనూరులో పొద్దున బయల్దేరితే అంబలి పొద్దుకల్లా నడిచి చేరుకునే ఊరు అది. పేరు మాత్రం చెప్పను. ఆ ఊరి పటేలు మనుమలు ఇంకా అక్కడే ఉన్నారు, మంచివాళ్ళు. తాత చేసిన పనికి వాళ్ళ మొహాలు చిన్నబోవడం నాకిష్టం లేదు. అయినా బాలమ్మ సంగతి చెప్పడానికి ఊరి పేరుతో పనేముంది?

బాలమ్మది మాదిగవాడ. డప్పు జానయ్య భార్య. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆమెకు పెద్దమ్మవారు పోసింది. ఆ ఇంట్లో ముగ్గురు పోయారు, ఈమె మిగిలింది, మొహం నిండా గుంటల మచ్చలతో. "ముత్యాలమ్మ తల్లి ముద్దు పెట్టుకున్న పిల్ల" అన్నారు పెద్దలు. అంతే, ఆ ఏటి నుంచి తల్లి పలకడానికి ఆ పిల్ల నోరు ఖాయమైపోయింది. ఏటా పండుగనాడు డప్పు మోగితే బాలమ్మ మీదికి తల్లి వచ్చేది. మా వైపు దాన్ని శిగమూగడం అంటారు. జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఆమె గుడి ముందు ఊగుతుంటే చూడటానికి గుండె దిటవుగా ఉండాలి. ఎంత పెద్ద ఇంటివాళ్ళయినా తడిబట్టలతో వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. "ఒరేయ్ కొడకా, నా గుడికి సున్నమెయ్యనీకె నీకు చేతులు రాలేదారా?" అని పటేలును పట్టుకుని గద్దించేది. పటేలు లెంపలేసుకుని "తప్పయింది తల్లీ" అనేవాడు.

మరునాడు అదే పటేలు ఎదురొస్తే బాలమ్మ బాట దిగి, పక్కకు ఒదిగి, "నీ బాంచెను దొరా" అనేది. ఒంటి మీద తల్లి లేనప్పుడు ఆ నాలుకకు తెలిసిన మాట అదొక్కటే.

అయితే శిగంలో తానేం మాట్లాడిందో బాలమ్మకు ఎన్నడూ తెలిసేది కాదు. ఒళ్ళు తెలిసేసరికి నోరు ఎండిపోయి ఉండేది, కాళ్ళు పీకేవి. జానయ్య కల్లు ముంత పక్కన పెట్టుకుని, "ఇయ్యాల పటేలును ఏమేం తిట్టినవో ఎరుకేనా?" అని కడుపుబ్బ నవ్వుతూ చెప్పేవాడు. ఆమె కూడా నవ్వేది. ఒక ఏడు మాత్రం నవ్వలేకపోయింది. ఆ ఏడు ఊరి పశువులకు గాలికుంటు వచ్చింది. తప్పెవరిదని అడిగితే తల్లి బాలమ్మ నోట నాంచారమ్మ పేరు చెప్పింది. నాంచారమ్మ దిక్కులేని ముసలిది. డప్పు కొట్టి ఆమెను పొలిమేర దాటించారు. ఆ తర్వాత ఆమె ఏమైందో ఎవరూ అడగలేదు. పండుగకు ముందు స్నానం చేయించేటప్పుడు ఎవరో ఆ ముసలామె మాట ఎత్తినట్టు బాలమ్మకు లీలగా గుర్తు. చెవిన పడ్డది నోట్లోకి ఎట్లా వచ్చిందో తెలియదు. తల్లే అన్నదో, తనే అన్నదో.

"నా నోరే గదనయ్యా. నాకెందుకు ఎరుక లేదు?" అని జానయ్యను అడిగింది.

"అమ్మోరి సంగతులు మనకెందుకే? తిని పండు" అన్నాడు.

చాలా రోజులు ఆమెకు ముద్ద దిగలేదు.

తర్వాత రజాకార్ల గొడవలొచ్చాయి. ఊళ్ళో ఉండలేక మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ కోదాడ దగ్గర అనంతగిరికి పోయి, బాలమ్మ చెల్లెలు ఏసమ్మ ఇంట్లో తలదాచుకున్నారు. ఏసమ్మను క్రైస్తవుల ఇంటికి ఇచ్చారు. ఆదివారం వాళ్ళ పాకలోనే ప్రార్థన. మత్తయ్య అని బడిపంతులు, ఆయనే నడిపేవాడు.

బాలమ్మ ఒక మూల కూర్చుని చూసింది. డప్పు లేదు. ఎవరూ ఊగలేదు. ఒక్కొక్కరే కళ్ళు మూసుకుని, పక్కింటివాళ్ళతో కష్టసుఖాలు చెప్పుకున్నట్టు దేవుడితో చెప్పుకుంటున్నారు. ఒకామె బర్రె వట్టిపోయిందని చెప్పింది. ఒకాయన తాగి పెళ్ళాన్ని కొట్టానని చెప్పి భోరుమన్నాడు. ఆ పెళ్ళాం పక్కనే కూర్చుని ఉంది! బాలమ్మ నోరెళ్ళబెట్టింది.

"నువ్వు కూడా చెప్పుకో అమ్మా" అన్నాడు మత్తయ్య.

"నేనేం చెప్పాలె పంతులూ? ఆయన నా మీదికి వస్తడా?"

"మీదికి రావడమెందుకమ్మా? ఆయన ఇక్కడే ఉన్నాడు. నీ నోరు ఆయనకక్కర్లేదు, నీ మాట కావాలి. నువ్వు ఎరుకతో చెప్పే మాట."

బాలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమెకు నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ఈ నోటిని తల్లి వాడుకుంది, ఊరు వాడుకుంది. నీ మాట ఏమిటే అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఇప్పుడు భూమ్యాకాశాలు చేసినాయన అడుగుతున్నాడట. అడిగి, ఆగి, వింటున్నాడట. ఆమె ఒళ్ళంతా జలదరించింది. శిగంలో వచ్చే వణుకు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. తెలివిలో ఉండి వణకడం ఆమెకు అదే మొదలు. "సామీ" అని ఒక్క ముక్క అనగలిగింది, ఆ పైన ఏడుపే.

ఊరి పక్క వాగులో బాప్తిస్మం తీసుకుంది. నీళ్ళలో దిగుతుంటే ఏసమ్మ చెయ్యి వదల్లేదు, అక్క ఎక్కడ శిగమూగుతుందోనని. బాలమ్మకూ అదే భయం. స్నానం తర్వాతే కదా ఎప్పుడూ తల్లి వచ్చేది. మునిగింది, లేచింది. ఒడ్డున తుమ్మచెట్టు, దాని కింద మేకలు, అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. తనూ ఉంది. ఎక్కడికీ పోలేదు! ఆ మాట తలుచుకుంటూ నడుము లోతు నీళ్ళలో అట్లాగే నిలబడిపోయింది.

"కొత్త పేరేమైనా పెట్టుకుంటావా అమ్మా?" అని అడిగాడు మత్తయ్య.

"వద్దు పంతులూ. బాలమ్మనే ఉండనీ. అది ఇంకా కొత్తగనే ఉన్నది, ఎవ్వలు వాడలే."

మత్తయ్య నవ్వబోయి, పైకండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

జానయ్య మాత్రం వాగులో దిగలేదు. గొడవలు సద్దుమణిగి ఊరికి తిరిగొచ్చాక బాలమ్మ శిగానికి కట్టే గజ్జెలూ పసుపు చీరా కులపెద్దలకు అప్పగించేస్తే, మూతి ముడుచుకున్నాడు. "సంబురమే! ఏడాదికోసారన్న పటేలు మన ఇంటిదానికి మొక్కుతుండె. గా ఒక్క సుఖం గూడ మీ ఏసయ్యకే ఇచ్చినవ్" అని సణిగాడు.

మరుసటి ఎండాకాలం ఊళ్ళోకి అమ్మవారొచ్చింది. గొల్ల గోపమ్మ మొగుడు పోయిన పడుచు. గొర్రెలు తోలుకుని సూర్యాపేట అంగడికి పోయొచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే ఆమె బిడ్డకు పోసింది, తర్వాత ఇంకో నాలుగిళ్ళలో పోసింది. ఆ బిడ్డ బతికింది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీ ప్రాణమంతా ఆ పసిదాని మీదే ఉండి అసలు సంగతి సరిగ్గా వినరు. పెద్దయ్యాక మిర్యాలగూడ రైసుమిల్లులో వడ్లు ఎండబోసేది. నేను చూశాను, మొహం నిండా మచ్చలు, నోటి నిండా నవ్వు.

తప్పు గోపమ్మదేనని ఊరు అప్పుడే అనుకుంది. ఊరు అనుకుంటే చాలదు, తల్లి నోట రావాలి. పటేలు మనిషి సైదయ్య వాడకొచ్చాడు.

"రేపు మాపటికి గుడికాడికి రావాలె. తల్లి నోట గోపమ్మ పేరు రావాలె. పటేలు సెప్పిండు."

"నేను అవన్ని ఇడిసిపెట్టిన గదయ్యా."

"నువ్విడిస్తే తల్లి ఇడుస్తదా? రాకుంటే మానె. ఎట్లయినా గోపమ్మను దాటిచ్చుడే."

తాను పోకపోతే గోపమ్మ తరఫున నోరెత్తే మనిషే ఉండదని బాలమ్మకు అర్థమైంది. పోతే, డప్పు మోగినప్పుడు ఈ నోరు తన చేతిలో ఉంటుందో ఉండదో. "వస్త" అంది.

జానయ్య కళ్ళు మెరిశాయి. "మల్ల వస్తదా అమ్మ?"

"అమ్మ రాదు. నేనొస్త."

అనడమైతే అంది గానీ, ఆ రాత్రి పక్క మీంచి లేచి మోకరించింది. ప్రార్థన చేద్దామంటే ఎప్పటిలాగే "సామీ" దగ్గరే ఆగిపోయింది.

మరునాడు పొద్దు వాలుతుండగా గుడి ముందు గడ్డిమంట వేసి జానయ్య డప్పు కాచాడు. గోపమ్మను ఒక పక్కన కూర్చోబెట్టారు, ఒళ్ళో వేపాకుల గుడ్డలో బిడ్డ. బాలమ్మ నడుమ నిలబడింది. దరువు మొదలైంది.

శిగం మడమల్లోంచి వస్తుందని ఆమెకు తెలుసు. మడమలు లేచాయి. పిక్కలు బిగుసుకున్నాయి. అన్నేళ్ళ అలవాటు, ఒళ్ళు మరిచిపోతుందా? కళ్ళ ముందు పొగ కమ్మింది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే అక్కడ బాలమ్మ ఉండదు, ఆ నోట ఏ పేరు వస్తుందో చెప్పనక్కర్లేదు. అప్పుడు వచ్చింది, ఇన్నాళ్ళూ రాని ప్రార్థన. "ఏసయ్యా, నేనీడున్న. నన్ను ఈడనే ఉంచు."

మోకాళ్ళ దాకా వచ్చిన వణుకు ఆగింది. పొంగొచ్చిన పాల మీద నీళ్ళు చిలకరించినట్టు అణిగిపోయింది. పొగ విడిపోయింది. ఎంత వెలుతురు, దేవుడా! మంట కనబడుతోంది, గుడి గోడ మీది పగులు కనబడుతోంది, ఒక్కొక్క మొహం విడివిడిగా కనబడుతోంది. ఏళ్ళకేళ్ళు అదే చోట ఊగింది గానీ, అక్కడ నిలబడితే ఊరు ఎట్లా కనబడుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు. తిరిగి జానయ్య కళ్ళలోకి చూసింది. ఆ చూపుకు అతని చేతులు నిలిచిపోయాయి.

డప్పు ఆగేసరికి ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఊగకుండా, అరవకుండా, కళ్ళు తెరుచుకుని నిటారుగా నిలబడ్డ తల్లిని వాళ్ళెప్పుడూ చూడలేదు. ఇదేదో మహారూపమే అనుకున్నారు. ముందు ముసలి ఆండాళు మోకరిల్లింది. ఆమె వెనక ఆడవాళ్ళు, మగవాళ్ళు. చివరికి పటేలు తలగుడ్డ తీసి నేల మీద సాగిలపడ్డాడు.

"తల్లీ, నీ ఉగ్రం మేం ఓర్సుకోలేం. తప్పెవలిదో సెప్పు. నువ్వేమంటె గదే సేస్త."

నువ్వేమంటే అదే చేస్తాడట! విన్నారా? ఒక్క మాట చాలు. "గోపమ్మ నా బిడ్డ, ఆమె జోలికి పోతే మట్టి కరుస్తరు" అంటే పటేలు ఆ పిల్ల కాళ్ళు కడిగి ఇంటికి సాగనంపేవాడు. నేనైతే అనేసేవాణ్ణి, మీ ముందు గొప్పలెందుకు. మీరూ అనేవాళ్ళే. గోపమ్మ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి, బిడ్డ మూలుగుతోంది. మాట బాలమ్మ నాలుక కొస దాకా వచ్చింది.

వచ్చిన మాటను మింగేసింది. తల్లి చెప్పిందని ఇవాళ గోపమ్మను వదిలేస్తారు. తల్లి చెప్పిందనే కదా నాంచారమ్మను వెళ్ళగొట్టారు, రేపు ఇంకొకరిని వెళ్ళగొడతారు. వాగులో తనకు దక్కిన నోరు మళ్ళీ తనది కాకుండా పోతుంది.

"లే పటేలా" అంది. "తల్లి రాలే. నేను బాలమ్మను, జానయ్య పెండ్లాన్ని. ఏసయ్యను నమ్ముకున్న. ఎరుకతోనే మాట్లాడుతున్న."

పటేలు లేచాడు. మోకాళ్ళకు మట్టి. మొహం కందగడ్డయింది. ఒంటి మీదికి ఏ దేవతా రాని వట్టి మాదిగామెకు, ఊరంతా చూస్తుండగా సాగిలపడ్డాడాయె!

"నీ మాటెవనికి గావాలెనే?" అని అరిచాడు.

"ఎవ్వలికొద్దని ఎరుకే. అయినా సెప్త. గోపమ్మ తప్పేం లేదు. సిన్నప్పుడు నాకు పోయలేదా? అదెవలి తప్పు? మీరు ఆమెను దాటిస్తె నేను ఎంట పోత. ఒకసారి పోసినోల్లకు మల్ల పోయది, బిడ్డను నేనెత్తుకుంట."

అన్న ప్రతి మాటా తన చెవులకు వినబడింది. పోయి గోపమ్మ ఒళ్ళోంచి బిడ్డను అందుకుంది. అంటు, ముట్టు అని గోపమ్మ అనలేదు, ఈమెకూ గుర్తు రాలేదు.

"ఇద్దర్ని దాటియ్యిండ్రి! కొట్టురా జానిగా!"

జానయ్య కొట్టాడు. తాత ముత్తాతల నుంచి పటేలు కొట్టమంటే కొట్టిన చేతులు, ఏం చేస్తాయి? ముందు గోపమ్మ, ఆమె పక్కన బిడ్డను భుజాన వేసుకుని బాలమ్మ, వెనక తన పెళ్ళాన్ని తానే వెళ్ళగొడుతూ జానయ్య, ఇంకా వెనక ఊరు. పొలిమేర రాయి దగ్గర డప్పు ఆపి, దాటినవాళ్ళ వంక చూడకుండా ఇంటికి తిరగాలి. అది ఊరి కట్టు.

ఆడవాళ్ళిద్దరూ రాయి దాటారు. డప్పు ఆగింది. జనం ఒకరి వెనక ఒకరు ఊళ్ళోకి మళ్ళిపోయారు. జానయ్య ఒక్కడూ రాయి దగ్గర చూస్తూ నిలబడ్డాడు.

"ఇంటికి పోవయ్యా, పొద్దు గూకుతున్నది. ఉట్టి మీద జొన్న గటక ఉన్నది" అంది బాలమ్మ.

జానయ్య డప్పు మెడలోంచి తీసి, పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా రాయి పక్కన పెట్టాడు. రాయి దాటి వచ్చాడు.

"యాడికొస్తవు? నువ్వు ఏసయ్యను నమ్ముకోలే గద?"

"లే. నాకాయన ఎరుక లేదు" అన్నాడు జానయ్య. "ఇన్నేండ్లు నీ మీదికొచ్చిన తల్లికి డప్పు కొట్టిన, మొక్కిన. నిన్ను మాత్రం ఇయ్యాల్నే సూసిన బాలమ్మా. నిన్ను గట్ల నిలవెట్టినాయన యాడుంటడో, జర నాకు సూపియ్యి."