మౌంట్ కింద దాచిన బొమ్మ

2022 వానాకాలం. నస్పూర్ మెయిన్ రోడ్డు మీద నేను ఫ్రేముల దుకాణం పెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. పేరు సత్తయ్య, అందరూ సత్తన్న అంటారు. దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు కొన్ని వస్తాయి. మిగతా సగం పని చావుదే. దాచడమెందుకు, నా ఇల్లు నడిపింది పదకొండో రోజు ఫోటోలే.

ఆ ఫోటోలకు ఒక పద్ధతి ఉంది. వెడల్పాటి బంగారు రంగు మౌల్డింగ్ వాడతాం. మౌల్డింగ్ అంటే ఫ్రేము కట్టే చెక్క పట్టీ. పైన నడిమధ్యలో దండ వేయడానికి చిన్న మేకు కొడతాం. కొందరు మనిషి ఇంకా మంచంలో ఉండగానే ఫోటో తెచ్చి "జర పెద్దగ చేసి పెట్టు" అంటారు. ఎందుకో చెప్పరు, మాట నోట్లోనే నానుస్తారు. నేనూ అడగను. ముఖం చూసి పని తెలుసుకుంటానని నాకు కొంచెం పొగరు ఉండేది.

ఆ రోజు పొద్దున తలకు గుడ్డ కట్టుకున్న ఒకామె గోనెసంచి చంకన పెట్టుకుని వచ్చింది. నలభై దాటి ఉంటాయి. గుడ్డ కింద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి, ఒళ్లు బాగా చిక్కింది. నాకు వెంటనే అర్థమైపోయిందనుకున్నాను.

"కూసో చెల్లె. ఫోటో తెచ్చినవా, మీవోళ్లు తెస్తరా?" అన్నాను.

"ఏం ఫోటో?"

నా చెయ్యి అప్పటికే గోడ మీది బంగారు పట్టీ నమూనా అందుకుంది. ఆమె పట్టీని చూసింది, దాని మీది మేకును చూసింది, నన్ను చూసింది. తర్వాత నవ్వింది.

"అన్నా, నేనింక పోలే. పోయినంక నువ్వే కడుదువు తియ్యి, మేకు మాత్రం జర గట్టిది కొట్టు. ఇప్పుడైతే నా బొమ్మలకు ఫ్రేములు కావాలె."

సిగ్గుతో సగమయ్యాను. స్టూలు తుడిచి వేసి, టీ తెప్పించాను. ఇంకేం చేస్తాను?

పేరు కరుణ. అంగన్‌వాడీ టీచరు. చర్చిలో పిల్లల ఆదివారం బడికి చార్టుల మీద బొమ్మలు గీసేది కూడా ఆమేనట. భర్త యాకోబు బొగ్గుబాయిలో పట్టాలు వేసే పని చేస్తాడు. రెండేళ్ల కింద రొమ్ము క్యాన్సర్ అని తేలి, కరీంనగర్‌లో ఒక రొమ్ము తీసేశారు. ఏడాది తిరిగేసరికి ఎముకల్లో మళ్లీ కనపడింది.

"ఇది మొత్తానికి పోయేది గాదట అన్నా. దాన్ని ఎంటబెట్టుకునే బతకాలె. షుగరున్నోళ్లు బతుకుతలేరా?" అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

సంచిలోంచి బొమ్మలు తీసింది. ఇన్నేళ్లలో నేను ఎన్ని రకాల కాగితాలు చూశానో లెక్కలేదు, ఇది మాత్రం చూడలేదు. స్కానింగు ఫిలింలు పెట్టిచ్చే పెద్ద ఖాకీ కవర్లు ఉంటాయి కదా, వాటిని విప్పి, చదును చేసి, లోపలి వైపు పొయ్యి బొగ్గుతో గీసింది. మడతలు అలాగే ఉన్నాయి. కీమో కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్న మెట్‌పల్లి ముసలామె ఒక దాంట్లో ఉంది. సెలైన్ బాటిల్ కొక్కేనికే టిఫిన్ డబ్బా సంచి కూడా తగిలించుకున్న చొప్పదండి ఆమె ఇంకోదాంట్లో. నరం దొరక్క నర్సు రెండు వేళ్లతో తడుముతున్న ఒక చెయ్యి, ఒట్టి చెయ్యే. ఆ చెయ్యి చూస్తే నా మోచేతి దగ్గర జిల్లుమంది.

"గీసినంక ఎవలది వాళ్లకు చూపెట్టిన. ఒప్పుకున్నయే ఉంచిన. ఒకామెకు నచ్చలే, ఆమె ముంగటనే చింపిన. ఇగ చూసుకో, మిగిలినోళ్లంత నాది గియ్యి, నాది గియ్యి అని వరస కట్టిన్రు." ఆ మాట చెప్పేటప్పుడు కరుణ వీపు నిటారుగా అయింది. మరి కాదా, అంత పని చేసింది.

వచ్చే ఆదివారం చర్చి హాల్లో ఆరాధన అయ్యాక ఈ బొమ్మలన్నీ గోడకు పెట్టి అందరికీ చూపించాలని ఆమె ఆలోచన. పాస్టరుగారి భార్య సరే అన్నారట.

అన్నిటి అడుగున పెద్ద బొమ్మ ఒకటి ఉంది. అది కరుణదే. గుండు తల, కుర్చీలో కూర్చుని ఎదురుగా చూస్తోంది. కొంగు ఒక వైపే కప్పుకుంది. రెండో వైపు కప్పలేదు, అక్కడ కప్పడానికి ఏమీ లేదు. చంక దగ్గర్నుంచి ఛాతీ నడిమి దాకా కోత గీత. నేను ముఖం తిప్పుకుని టేపుతో కొలత మాత్రం తీసుకున్నాను.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. బొగ్గు గీతకు గాజు తగలకూడదు. వానాకాలం చెమ్మకు రెండూ అంటుకుంటే, మళ్లీ విప్పినప్పుడు సగం బొమ్మ గాజుతోనే లేచి వస్తుంది. అందుకని మౌంట్ పెడతాం. మందపాటి అట్టకు మధ్యలో కిటికీ కోసి బొమ్మ మీద పెడితే గాజుకూ బొమ్మకూ మధ్య సందు మిగులుతుంది. ఆ కిటికీ బొమ్మ అంచుల్ని కొంత కప్పుతుంది. ఎంత కప్పాలన్నది కోసేవాడి చేతిలో పని.

మర్నాడు సాయంత్రం యాకోబు వచ్చాడు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసినట్టున్నాడు, కళ్ల అంచుల్లో బొగ్గు ఇంకా కాటుకలా ఉంది. దుకాణంలో ఉన్న ఒక్క గిరాకీ వెళ్లేదాకా పక్కన నిలబడ్డాడు.

"సత్తన్నా, గా పెద్ద బొమ్మ... మెడ కాడికే కనపడేటట్టు చెయ్యరాదే. కిందిది అట్టతోని మూసెయ్యి. ఆమెకు చెప్పకు, కొలత గట్లనే వచ్చిందను."

"ఎందుకు తమ్మీ?"

"నలుగురు చూస్తరు. రేపు బాయి మీద నన్నేమంటరు?"

"ఇంతకు నువ్వు చూసినవా బొమ్మ?"

నేల చూశాడు. "లేదన్నా. కోత సుత గీసిన అని ఆమెనే చెప్పింది. ఆపరేషన్ అయినంక కట్టు మార్చేటప్పుడు సుత బయటికే పోయిన. నాతోని గాదు."

నేను సరే అన్నాను. ఇంటాయన అడిగాడు, పరువు మాట, నాకెందుకు అడ్డం చెప్పడం అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదే హాయి అనిపించింది. ముఖం ఒక్కటే చక్కగా వచ్చేలా కిటికీ కోశాను. అంచు ఎక్కడా చెదరలేదు. నా చేతిపని చూసుకుని నేనే మురిశాను.

శుక్రవారం కరుణ వచ్చింది. ఒక్కొక్క ఫ్రేము చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. మెట్‌పల్లి ముసలామెను చూసి "అవ్వా, నీకు అద్దాల మేడ కట్టిన్రే" అంది. చివరికి పెద్దది తీసింది.

"కొలత గట్లనే వచ్చింది చెల్లె," అన్నాను.

"గా కొలత నీది గాదు అన్నా. ఎవలు చెప్పిన్రో నాకెరుకే." ఫ్రేమును నా వైపు తిప్పింది. "ఇగ మేకు కొట్టు. దండ ఒక్కటే తక్కువున్నది."

చూశాను. నిజమే. నేను కోసింది పదకొండో రోజు ఫోటో. బతికున్న మనిషిని రెండోసారి గోడకెక్కించాను. మొదటిసారి పొరపాటు, ఈసారి తెలిసి చేశాను. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పు," అంది. వెనక మేకులు పీకి అట్ట తీశాను. "ఇటు చూడు అన్నా. సిగ్గుపడకు, ఉన్నది బొగ్గే గదా."

అప్పుడు సరిగ్గా చూశాను. మొన్న ఓరకంట చూసి కోత గీత అనుకున్నది ఒక గీత కాదు. రెండు సన్నటి పట్టాలు, వాటి కింద అడ్డంగా దిమ్మెలు. బాయిలో బొగ్గు టబ్బులు నడిచే పట్టాలు. మధ్యలో ఒకచోట పట్టా ముక్కలు రెండు అతికే దగ్గర చిన్న ఇనుప పలక, దానికి బోల్టులు.

"మా ఆయన చేసే పని ఇది. మంచోడే అన్నా, ఒక్క మాట అనలేదు. అన్నం వండుతడు, గోలీలు యాది జేస్తడు, కరీంనగర్ తోల్కపోతడు. గీ కోత దిక్కు మాత్రం చూడడు. రెండేండ్లాయె. తెగినకాడ అతికేది ఆయన పని గదా, గందుకే ఆయన పట్టాలే గీసిన. ఎవలకు అర్థమైనా గాకున్నా ఆయనకు తెలుస్తది. అంతమంది చూస్తుంటెనన్న ఆయన చూస్తడనుకున్న. నువ్వు సరిగ్గ దాని మీదనే అట్ట పెట్టినవ్."

"ఆదివారం పొద్దునకు తెస్త చెల్లె. అంచు దాకా కనపడుతది," అన్నాను.

అనడం సులువే. మౌంట్ తీసేస్తే గాజు బొగ్గుకు తగులుతుంది. శనివారం పొద్దంతా వేరే పని ముట్టలేదు. ఫ్రేము కొంచెం పెద్దది కట్టి, బొమ్మను వెనక అట్ట మీద అంచులతో సహా పరిచి, గాజు కింద నాలుగు పక్కలా సన్నటి చెక్క పుల్లలు దాచి అతికించాను. వాటిని స్పేసర్లంటారు. బొమ్మకు గాజుకు మధ్య గాలి ఆడుతుంది, కప్పింది ఏమీ ఉండదు. కవరు మడత, చిరిగిన మూల, అన్నీ కనపడ్డాయి. అంత కష్టమైన ఫ్రేము నేను అంతకు ముందు కట్టలేదు. గర్వంగానే చెప్తున్నాను.

ఆదివారం సుత్తి, మేకులు తీసుకుని చర్చి హాలుకు నేనే వెళ్లాను. ఆరాధన అయ్యాక ముందు ఆడవాళ్లు వచ్చారు. మొదట గుసగుసలు, తర్వాత మాటలు, తర్వాత నవ్వులు. మెట్‌పల్లి ముసలామె కొడుకును తీసుకుని బస్సులో వచ్చింది. తన బొమ్మ ముందు నిలబడి, "గంతగనం నోరు తెరుస్తనా నేను? ఈగలు పోవా?" అని అందరినీ అడిగింది. పెద్ద బొమ్మ ముందు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒకామె కరుణ చెయ్యి పట్టుకుని "నాకు సుత అయ్యింది అక్కా, ఎవలకు చెప్పలే" అంది. కరుణ ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుంది.

యాకోబు గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. మగవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు, అతను రావడం లేదు. కరుణ పిలవలేదు. చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.

నాకు ఆగలేదు. పాపం చేసినవాణ్ని నేనే కదా. ఫ్రేము కింది మూల కొద్దిగా పక్కకు తోసి కేకేశాను.

"తమ్మీ యాకోబు, జర రా. ఫ్రేము వంకరున్నట్టున్నది. లెవెల్ చూసుడు నీకంటె ఎవలకెరుక?"

పట్టాలు వేసేవాడికి వంకర అంటే ఒంట్లో దురద. వచ్చాడు. రెండు చేతులతో ఫ్రేము పట్టుకుని, కన్ను మూసి, పై అంచు చూశాడు, కింది అంచు చూశాడు. సరిచేశాడు. చేతులు తీయలేదు. అలాగే ఆగిపోయాడు.

తర్వాత ఒక వేలు గాజు మీద పెట్టి, పట్టా వెంట మెల్లగా జరిపాడు. పలక దగ్గర ఆపాడు.

"ఫిష్ ప్లేటు," అన్నాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు బోల్టులు. పట్టాల నడుమ సందు సుత ఇడిసింది." కరుణ వైపు తిరిగాడు. "నీకెవలు చెప్పిన్రే?"

"నువ్వే. పెండ్లయిన కొత్తల, అన్నం తినుకుంట చెప్పినవ్."

యాకోబుకు కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా గుర్తులేదు. నాకూ ఆగలేదు. గుమ్మం దగ్గర అతని షిఫ్టువాళ్లు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి గొంతు పెంచాడు.

"రాండ్రి, లోపటికొచ్చి చూడుండ్రి. మా ఇంటామె గీసింది. గా పట్టాలు నేనేసినయి."

ఆ బొమ్మలు తర్వాత మంచిర్యాలలో పెట్టారు, కరీంనగర్‌లో ఆమె కీమో తీసుకున్న వార్డు వరండాలో పెట్టారు. కరుణ ఇప్పటికీ గోలీలు మింగుతోంది, నడుము నొప్పితో కొన్ని రోజులు లేవలేకపోతుంది, లేచిన రోజు గీస్తుంది. ఫ్రేములన్నీ నావే. ఎవరైనా అడిగితే ఛాతీ విరుచుకుని చెప్తాను.

ఆ పని నాకు నేర్పింది ఒక్కటే. బొమ్మలో ఎంత కనపడాలన్నది కోసేవాడు చెప్పేది కాదు, ఇంటివాడు చెప్పేది కాదు, బొమ్మలో ఉన్న మనిషి చెప్పేది. ఇప్పుడు ఎవరైనా గొంతు తగ్గించి "జర పెద్దగ చేసి పెట్టు" అని ఫోటో ఇస్తే, మనిషి ఉన్నారా అని ముందు అడుగుతాను. ఉన్నారంటే, ఆ మనిషినే అడిగి రమ్మంటాను. కొందరు కోపం చేసుకుని వేరే దుకాణానికి పోయారు. పోనీ.

పోయిన నెల యాకోబు కొత్త బొమ్మ చుట్టుకుని తెచ్చాడు. నేను అలవాటుగా మౌంట్ అట్ట కోసం చెయ్యి చాచాను.

"మౌంట్ వద్దు సత్తన్నా," అన్నాడు. "ఏం గీసిందో అంత కనపడాలె."

టేపు అతని చేతికే ఇచ్చాను.