తప్పు లేని బోర్డు: కల్లూరు నుంచి వేంపల్లెకు నాలుగు బస్సులు

పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి, ఇప్పుడేం ప్రయాణం అన్నారు మా ఆయన. అంతగా అయితే ఆదివారం కారులో పోయి సాయంత్రానికి వచ్చేద్దాం అన్నారు. నేను వినలేదు. శుక్రవారం బడి మాన్పించి, పన్నెండేళ్ల మా మేఘనను వెంటబెట్టుకుని, కర్నూలు పక్కన కల్లూరు నుంచి కడప జిల్లా వేంపల్లెకు బస్సుల మీద బయలుదేరాను. వేంపల్లెలో మా అమ్మ ఉంటుంది. రెండు నెలలుగా ఆమె మనవరాలితో ఫోన్లో మాట్లాడటం మానేసింది. దానికి కారణం నేను. కాబట్టి సరిచేయాల్సింది కూడా నేనే.

జరిగింది దాచకుండా చెబుతాను. జూన్‌లో పాపను కొత్త బడిలో చేర్పించాం. మొదటి నెలలోనే డైరీలో "ఇంట్లో మంచి తెలుగు మాట్లాడించండి" అని రాసి పంపారు. క్లాసులో "శానా" అందట, పిల్లలు నవ్వారట. డిగ్రీకి హైదరాబాదు పోయినప్పుడు హాస్టల్లో నన్ను చూసి నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. నా కూతురికి ఆ గతి పట్టకూడదనుకుని ఒక లాంగ్ నోటుబుక్కు కొని, ప్రతి పేజీకీ నడుమ గీత కొట్టాను. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. శానా, చాలా. యాడ, ఎక్కడ. ఉండాది, ఉంది. తప్పు మాట దొర్లినప్పుడల్లా ఒప్పు మాట పదిసార్లు రాయాలి. పాప బుద్ధిగా రాసింది. ఎంత బుద్ధిగా అంటే, ఒకరోజు ఫోన్లో మా అమ్మ "ఏం చేస్తాండావు బంగారూ?" అని అడిగితే, "అది తప్పు అవ్వా, చేస్తున్నావు అనాలి" అంది. మా అమ్మ నవ్వేసింది. ఆ తర్వాతి వారం నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "అంగట్లో గిరాకీ ఉండాది, మళ్లా మాట్లాడతా" అని నాకు చెప్పి పెట్టేసేది. ముప్పై ఏళ్లుగా ఒంటిచేత్తో చీరల అంగడి నడుపుతున్న మనిషి, నోటితో బతికిన మనిషి. ఆ నోరు మూయించింది నా నోటుబుక్కు.

ఉదయం ఐదున్నరకు కల్లూరులో షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై. ఆరుంబావుకు కర్నూలు బస్టాండులో బనగానపల్లె బస్సు దొరికింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా కాబట్టి కార్డు పైసంచిలోనే పెట్టుకోండి. నంద్యాల, మైదుకూరు మీదుగా కడపకు పోయి అక్కడ మారితే త్వరగా చేరతారు. నేను కావాలనే నాలుగు బస్సుల దారి పట్టాను. నాలుగు బస్టాండుల్లో జనం మాట పాప చెవిన పడాలి. నేను చెరిపిన దాన్ని ఊళ్లే మళ్లీ రాయాలి.

బనగానపల్లెలో దిగేసరికి ఎనిమిదిన్నర. మామిడికాయల కాలం కాదు, బొరుగుల ఉగ్గాని మాత్రం ఏ కాలంలోనైనా దొరుకుతుంది. బస్టాండు ఎదుటి హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కలిపి ప్లేటు నలభై. వడ్డించే పెద్దాయన "పాప కారం ఓర్చుకుంటాదా అమ్మా?" అని అడిగాడు. మేఘన నా ముఖం చూసి, "పర్వాలేదండీ, తినగలను" అంది. "హైదరాబాదా మీది?" అన్నాడాయన. కర్నూలే అన్నాను. "అవునా! పాప టీవీలో చదివినట్ల మాట్లాడతాండాది" అని నవ్వాడు. నాలుగు నెలల కింద అయితే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఆ పూట నా బజ్జీలు పాప ప్లేట్లో వేసి లేచాను.

తొమ్మిదింటికి కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు బస్సు. దారి పొడవునా నల్లరేగడి చేలు, చేల గట్ల మీద నిలబెట్టిన నాపరాళ్లు. కిటికీ పక్క సీటు పాపకిచ్చాను. పదకొండున్నరకు జమ్మలమడుగు చేరాం. గండికోట చూడాలనుకునేవాళ్లు ఇక్కడే దిగాలి. మేము ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడ్డాం. పక్కన ఒక బస్సు ఆగి ఉంది. దాని బోర్డు మీద పెద్ద అక్షరాలతో "యాడికి" అని ఉంది.

మేఘన ఆ బోర్డును కాసేపు చూసింది. "అమ్మా, తప్పు రాశారు. ఎక్కడికి అని ఉండాలి కదా" అంది. నాకు నవ్వొచ్చింది. అంతలో పాప బ్యాగులోంచి ఆ నోటుబుక్కు తీసింది. ప్రయాణంలో కూడా దాన్ని మోసుకొచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎడమవైపు "యాడికి", కుడివైపు "ఎక్కడికి" అని రాయడం మొదలుపెట్టింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

బస్సు ఎక్కబోతున్న ఒకామె సంచి కింద పెట్టి వంగి చూసింది. "ఏం రాస్తాండావు పాపా?"

"బోర్డు మీద తప్పుందండీ."

"అది తప్పు గాదు నాయనా, మా ఊరు" అందామె. "తాడిపత్రి అవతల యాడికి అని ఊరే ఉండాది. నేను ఆడనే పుట్టినా. ఇంగో, కార్డులో గూడా ఉండాది సూడు." టికెట్ కోసం చేత పట్టుకున్న ఆధార్ కార్డు పాప ముందు పెట్టింది. ఆమెకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మేఘన కార్డు చూసింది, బోర్డు చూసింది, తర్వాత నన్ను చూసింది. "అమ్మా, ఊరు కూడా తప్పేనా?"

తప్పు నీది కాదు, ఊరిది కాదు, నాది అన్నాను. పదిమందిలో, కూతురి ముందు. పాప నోటుబుక్కు మూసి బ్యాగులో పెట్టుకుంది. ప్రొద్దుటూరులో బస్సు మారి, ఎర్రగుంట్ల మీదుగా వేంపల్లె చేరేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

రెండున్నర దాటాక అంగడి మెట్లెక్కాం. మా అమ్మ చీరలు మడతపెడుతోంది. మనవరాలిని చూసి లేచి నిలబడి, చెంగు సర్దుకుని, ఒక్కో మాట కూడబలుక్కుంటూ, "బాగున్నారా? ప్రయాణం ఎలా జరిగింది? కూర్చోండి" అంది. తర్వాత కాస్త భయంగా, "సరిగ్గానే అన్నానా బంగారూ?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు ఎవరికీ తలవంచని మా అమ్మ, పన్నెండేళ్ల పిల్ల దిద్దుతుందేమోనని టీవీ చూసి మాటలు నేర్చుకున్నట్టుంది.

మేఘన బ్యాగు కింద పడేసింది. "ఏందవ్వా, అట్ల మాట్లాడతాండావు? నాకు శానా ఆకలిగా ఉండాది!"

మా అమ్మ నా వైపు చూసింది. "మీయమ్మ పదిసార్లు రాయిస్తాదేమో?"

"రాయించనీ. బుక్కు నా దగ్గరే ఉండాది."

అమ్మ అంగడి తలుపు ఒకటి దగ్గరికి వేసి, సంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. తిన్నాక అవ్వా మనవరాలూ ఆ నోటుబుక్కు ముందేసుకున్నారు. పేజీ పైన "తప్పు" కొట్టేసి "అవ్వ మాట" అని రాసింది మేఘన. "ఒప్పు" కొట్టేసి "బడి మాట" అని రాసింది. సాయంత్రానికి నాకే తెలియని అవ్వ మాటలు మూడు పేజీలు నిండాయి.

మరునాడు తిరిగొచ్చాం. సోమవారం డైరీలో ఆ పాత వాక్యం కింద నేను ఇలా రాసి సంతకం చేశాను: "మా ఇంట్లో మాట్లాడేది మంచి తెలుగే. బడి తెలుగు మీరు నేర్పండి, సంతోషం. మాది తప్పని మాత్రం ఇంకోసారి రాయొద్దు." పిలిపిస్తారేమో అన్నారు మా ఆయన. "పిలవనీ, పోతా" అన్నాను. ఇదంతా పుస్తకం భాషలోనే రాస్తున్నానని నాకు తెలుసు. చేతికి అలవాటైపోయింది. ఎప్పుడో నన్ను చూసి నవ్వినవాళ్ల భయాన్ని పెంపకం అనుకుని నా బిడ్డ చేత రోజూ రాయించాను. ఇక రాయించను. ఎవరైనా నవ్వితే నవ్వనీ, మా పిల్లకు రెండువైపులా మాటలున్నాయి.

ఇక ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా. జమ్మలమడుగు బస్టాండులో "ఈ బస్సు యాడికి?" అని అడిగితే "యాడికి" అనే జవాబొస్తుంది. ఎగతాళి అనుకోకండి, అది ఊరు. ఆ ప్రశ్న మీరడక్కండి, మీ పిల్లల చేత అడిగించండి. గట్టిగా.