ఆవిడ చివర మాట్లాడేవారు

ఇవాళ పొద్దున్న ఏలూరులో మా గోదాము ముందు ఉల్లి లారీ టార్పాలిన్ తీయగానే ఘాటు, దాని వెనకే తడిసిన గోనెసంచుల వాసన వచ్చాయి. ఇన్నేళ్ళ వ్యాపారంలో నా ముక్కు ఎప్పుడో మొద్దుబారాల్సింది. కానీ ఆ తడిగోనె వాసన తగిలితే చాలు, తాడేపల్లిగూడెంలో సుగుణమ్మగారి కొట్టు గుర్తొస్తుంది. కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

సుగుణమ్మగారు ఉల్లిపాయల టోకు వ్యాపారి. భర్త పోయాక కొట్టు మూసేస్తారని ఊరంతా అనుకుంది గానీ, ఆవిడ మూడోరోజుకే తాళం తీశారు. అక్కడ పనిచేయడానికి పన్నెండేళ్ళపాటు రోజూ ఏలూరు నుంచి పాసింజరు రైల్లో వెళ్ళాను. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. సరుకు కొనాలన్నా, నిలవ పెట్టాలన్నా నలుగురం కూర్చోవాలి. అందరికంటే కొత్తగా చేరినవాళ్ళు ముందు మాట్లాడాలి, ఆవిడ చివర. మా వైపు పెద్దవాళ్ళు ఒక మాటంటే మిగతా నోళ్ళన్నీ "అలాగేనండీ" అనడానికే లేస్తాయి. ఆ మర్యాద విస్తళ్ళ దగ్గర బాగుంటుంది గానీ వ్యాపారంలో కొంప ముంచుతుందనేవారు ఆవిడ.

నేను చేరిన వారానికే ఒక లారీ సరుకు వచ్చింది. నా వంతు ముందు కదా, పాయల మెడలు పచ్చిగా ఉన్నాయి, వానల్లో నిలవవు అన్నాను. పెద్ద గుమస్తా నన్ను కొరకొరా చూశాడు. సుగుణమ్మగారు సగమే కొన్నారు. తీరా చూస్తే పాయలు నిక్షేపంగా నిలిచాయి, ధర కూడా పెరిగింది. నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. మరుసటి లారీ రాగానే ఆవిడ నవ్వుతూ నావైపు తిరిగి, "ఏం ప్రసాదూ, ఈసారి ఏం వంక పెడతావు?" అన్నారు. ఆ నవ్వు చూసి ఆవిడ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

అలాంటి మనిషి ఒకరోజు మిఠాయి పొట్లంతో వచ్చి, మేం కూర్చోకముందే, కొల్లేరులో చేపల చెరువు కౌలుకు తీసుకుంటున్నానని చెప్పేశారు. వాళ్ళ నాన్నగారు అక్కడి చెరువుల మీద కూలి చేశారట. ఆ గట్టు మీద యజమానిగా నిలబడాలని ఆవిడ కోరిక. ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చారు. మా మేనమామది ఆ చెరువు పక్క ఊరే. ఆ గట్టు సరస్సును ఆక్రమించి పోసిందనీ, ఎప్పుడో ఒకరోజు అధికారులు కొట్టేస్తారనీ ఆయన చాలాసార్లు అన్నాడు. ఆ సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖంలో వెలుగు చూసి, "చాలా మంచిదండీ" అన్నాను. తక్కినవాళ్ళూ అదే అన్నారు. అందరం మిఠాయి తిన్నాం.

ఏడాది తిరక్కుండానే యంత్రాలు వచ్చి గట్టు తెంపాయి. చేపలన్నీ సరస్సులోకి పోయాయి, ఇల్లు చేయి దాటింది.

"నీకు ముందే తెలుసా, ప్రసాదూ?" అని అడిగారు ఆవిడ.

"తెలుసండీ. మీరంత ముచ్చటపడుతుంటే నోరు రాలేదండీ."

కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "తప్పు నాదేలే. ఆరోజు నేనే ముందు మాట్లాడేశాను," అన్నారు. తిట్టినా బాగుండేది. ఆవిడ అద్దె ఇంట్లోనే పోయారు. ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇవాళ లారీ దించాక మేం నలుగురం కూర్చున్నాం. కాలవ పక్క రెండో గోదాము తీసుకోవాలని నేను మనసులో ఎప్పుడో ఖాయం చేసుకున్నాను. బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా చూసుకున్నాను. అయినా నోరు మూసుకునే ఉన్నాను. నెల క్రితం చేరిన సలోమి ముందు మాట్లాడింది. "వద్దండీ. మీరు గోడలు చూశారండీ, నేల చూడలేదు. అంతా చెమ్మేనండీ," అంది. మిగతా ఇద్దరూ నా ముఖం చూశారు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. నీకేం తెలుసన్న మాట పెదవుల దాకా వచ్చింది.

సుగుణమ్మగారికి చెప్పకుండా మింగిన మాట ఇంకా నా గొంతులోనే ఉంది. ఈ పిల్ల మింగలేదు.

"ఇంకా ఏం చూశావో చెప్పమ్మా," అన్నాను.