చంద్రప్ప బావ కారు తాగిన కరెంటు

చంద్రప్ప బావ ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల ముఖం చూడడు, గోడ చూస్తాడు. ప్లగ్గు పాయింటు కనబడ్డాకే "బాగుండారా?" అంటాడు. చావింటికి వెళ్ళినా అంతే. మా పెదనాయన పోయిన రోజు, ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య నుంచి వైరు లాగి వాకిట్లో ఉన్న కారుకు తగిలించాడు.

ఈ రోగం ఆయనకు రెండువేల మూడులో పట్టుకుంది. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన చిన్న కరెంటు కారు కొనుక్కొచ్చాడు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఒకసారి చార్జి నిండితే ఎనభై కిలోమీటర్లు పోతుందని అమ్మినవాడు చెప్పాడట. మా బావ చేతిలో నలభైకే నాలుక బయటపెట్టేది. అందుకని హారన్ కొట్టడు, ఫ్యాను వేయడు, మిట్ట వస్తే నన్ను దిగి నడవమంటాడు. "మాట్లాడొద్దప్పా, చార్జి దిగిపోతాది" అని కూడా అన్నాడొకసారి.

హిందూపురంలో మిక్సీలు రిపేరు చేసే బావకు వారానికోసారి ధర్మవరంలో పని. దారిలో పెనుకొండలో యల్లక్క అనే ముసలామె ఇంటి ముందు ఆగుతాడు. మొదటిసారి ఆగినప్పుడు "అవ్వా, రవ్వంత చార్జి కావల్ల" అన్నాడు. ఆమె జాలిపడి కొంగుముడి విప్పి పది రూపాయలు తీసింది.

"బస్సు చార్జికి గూడా దుడ్లు లేకనా నాయనా, ఈ డబ్బాలో తిరుగుతాండావు?"

"దుడ్లొద్దవ్వా, నీ గోడ చూపీ చాలు."

మరుసటి ఎండాకాలం నాకు ధర్మవరం బదిలీ అయింది. శనివారం సాయంత్రం ఐదు లోపల ఆఫీసులో సంతకం పెట్టకపోతే, నా వెనకవాడు గోపాల్ సీనియారిటీలో నా నెత్తినెక్కుతాడు. బస్సులో పోతానంటే మా అక్క వినలేదు. "మీ బావ ఆ పక్కకే పోతాండాడు గదా!" అంది.

పదిన్నరకు పెనుకొండ చేరాం. వైరు యల్లక్క ఇంట్లోకి పోయింది. అడిగినప్పుడల్లా "ఇంగ పదే నిమిషాలు" అన్నాడు. పన్నెండైంది. రెండైంది. నాలుగు దాటింది. ఇక బస్సెక్కినా అందదు.

"రాత్రంతా చార్జింగులో పెట్టినావు గదా బావా, అదంతా యాడికి పోయింది?"

"బ్యాటరీలు ముసలివైపోయినాయబ్బా."

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎదురుగా టీ అంగడికి పోయి కూర్చుంటే, అంగడాయన "పొద్దున్నుంచీ కరెంటు లేదప్పా, ఉక్కపోత చంపుతాండాది" అన్నాడు.

కరెంటే లేకపోతే ఈయన ఏం ఎక్కిస్తున్నట్టు? వైరు వెంబడి ఇంట్లోకి నడిచాను.

లోపల యల్లక్క కోడలు నీలావతి మగ్గం గుంటలో కూర్చుని జరీ అంచు నేస్తోంది. నెత్తి మీద బల్బు వెలుగుతోంది. మా వైరు ప్లగ్గులోకి పోలేదు, ఆ బల్బుకు పోయింది. కరెంటు కారులోకి రావడం లేదు, కారులోంచి పోతోంది!

బావ పరుగున వచ్చి నన్ను బయటికి లాగాడు.

"గట్టిగా అనొద్దబ్బా. పొలాల బోర్ల లైనులోంచి కరెంటు వస్తాందని, కారు గూడా అదే తాగుతాందని చెప్పినా. నిజం తెలిస్తే, మన కారు ఖాళీ అవుతాందని ఆ యమ్మి బల్బు ఆర్పేస్తాది. ఈ పొద్దు చీర దిగకపోతే సావుకారి మగ్గం విప్పుకోని పోతాడంట."

"వారం వారం ఇదేనా?"

"కరెంటు పోయిన వారమే."

"ఈ ఊర్లో అది పోని వారం యాడుంది?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. గోపాల్ ఆ రోజు నా నెత్తినెక్కాడు, ఇప్పటికీ దిగలేదు. తలచుకుంటే ఈ రోజుకీ మా బావ మీద ఒళ్ళు మండుతుంది.

ఆరు దాటాక చీర మగ్గం దిగింది. కారు మాత్రం అంగుళం కదల్లేదు. బోర్ల లైను గూడా పోయిందని బావ బొంకాడు. పక్క వీధికి కరెంటు వచ్చిందని తెలిసి, నేనూ నీలావతీ వెనక నుంచి తోయడం మొదలుపెట్టాం. బావ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నా, పొద్దున్నుంచీ మా కరెంటంతా తాగినాది, ఇంగా కడుపు నిండలేదా దీనికి?" అని నీలావతి రుసరుసలాడింది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ అద్దంలోంచి నన్ను ఉరిమి చూశాడు.

నోరు మూసుకుని తోశాను.