శనివారం పూట ట్రౌటు వేట

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. (ఆ రోజులంటే మరీ వెనక్కి వెళ్లకండి, నాలుగేళ్లు కూడా కాలేదు. అయినా మనిషి ఎంత తెలివితక్కువగా ఉండేవాడో తలచుకోవడానికి నాలుగేళ్ల దూరం ధారాళంగా సరిపోతుంది.) ఐర్లండులోని లిమెరిక్‌లో ఎం.ఎస్. చదువుతూ, అద్దె గది దొరక్క, ఎన్నిస్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకు ఇంట్లో చిన్న గదిలో సర్దుకుని రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ఆ గదిలో మంచం వేశాక మిగిలిన స్థలంలో మనిషి నిలబడొచ్చు, కాని తిరగకూడదు. ఊరికే ఉంటున్నానన్న మొహమాటం కొద్దీ ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా "నేను చూసుకుంటా" అనేవాణ్ణి. చూసుకున్నవి తక్కువ. అన్నవి మాత్రం చాలా ఉన్నాయి.

ఆ ఏడాది మే నెలలో వదినకి మూడో నెల. ఆవిడది కరీంనగర్ వైపు, ఆసుపత్రిలో డాక్టరు. ఊళ్లోవాళ్ల కడుపునొప్పులన్నీ నయం చేసే మనిషికి మూడు వారాలుగా తన కడుపులో మంచినీళ్లు కూడా నిలవడం లేదు. ఎండు టోస్టు ముక్క తిని దానివైపు అనుమానంగా చూస్తూ కూర్చునేది. మనిషి సగమైపోయింది. తోటి డాక్టరు కూడా "ఏదో ఒకటి తినకపోతే సెలైను ఎక్కించాల్సిందే, వారం గడువు" అని చెప్పింది. మా అన్నయ్య షానన్‌లో విమానాల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. స్వతహాగా నాటకీయుడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వంటింట్లో ఒక్కో ప్రెస్సూ (అక్కడ గోడ అలమారాని అలాగే అంటారు) తెరిచి, లోపలి డబ్బాలను చూసి నిట్టూర్చి మూసేవాడు. "అన్నయ్యా, మినప్పప్పు ఏం తప్పు చేసింది, దానివైపు అలా చూస్తావు?" అంటే, "నీకు నవ్వులాటగా ఉందిరా" అని ఇంకో ప్రెస్సు తెరిచేవాడు.

ఒక గురువారం సాయంత్రం సోఫాలో పడుకున్న వదిన కళ్లు మూసుకునే అంది: "చాపల పులుసైతే తింటనేమో."

అన్నయ్య కారు తాళాలు అందుకున్నాడు. ఇండియన్ షాపులో చేప ఉందన్నాడు.

"గా ఐసు చాప నాకద్దు. దాన్ని తలుసుకుంటెనే తిప్పుతుంది. చెరువుల పట్టి, గంటల పొయ్యి మీదికి తెస్తరు చూడు, గసొంటిది కావాలె."

అప్పుడన్నాను, చరిత్రాత్మకమైన ఆ మాట. "నేను చూసుకుంటా వదినా. గోదావరి జిల్లా వాణ్ణి, చేప పట్టడం నాకో లెక్కా?" నిజానికి గోదావరి జిల్లాలో నా చేపల వేట మొత్తం మా ఇంటి వెనక పంట కాలవలో, ఎనిమిదో తరగతి సెలవుల్లో, వెదురు బద్దతో జరిగింది. రెండు పరిగెలు, ఒక ఎండ్రకాయ. ఎండ్రకాయ తనంతట తానే ఎక్కింది.

పక్కింట్లో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవాడు. వాన పడినా, పంపు పగిలినా, పళ్లు పీకించుకున్నా "గ్రాండ్" అనేవాడు కాబట్టి మేము ఆయన్ని గ్రాండ్ తాత అనుకునేవాళ్లం. ఆయనకి ఊరికి అరగంట దూరంలోని సరస్సు మీద ఒక పడవ ఉంది. వెళ్లి అడిగితే, "మేఫ్లై లేచే కాలం, ట్రౌటు చేపలు పిచ్చెక్కినట్టు తింటాయి. శనివారం వెళ్దాం. ఆదివారం చర్చిలో మా మనవరాలి కమ్యూనియన్ వేడుక, కుదరదు" అన్నాడు. వదినకీ ఆ వారాంతమే సెలవు. అంతా బాగానే ఉంది, ఒక్క మా అన్నయ్యకి తప్ప. వాడికి శనివారం వెంకటేశ్వరస్వామి నియమం. ఆ రోజు నీచు తినడు, ముట్టడు, వండిన గిన్నె కడగడు.

"నేను పడవెక్కుతానురా, కాని చేపని మాత్రం ముట్టను" అన్నాడు.

"మరెందుకు రావడం?"

"నైతిక మద్దతు."

నైతిక మద్దతు నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని, పడవ మధ్యలో విగ్రహంలా కూర్చుంది. తాత తన చేపల వేట క్లబ్బులో మాకు టికెట్లు ముందే రాయించాడు. ఒడ్డున ముళ్ల పొదల ఆకుల కింద మేఫ్లైలు, అంటే పారదర్శకంగా మిడతల్లా ఉండే రెక్కల పురుగులు, వేలాడుతుంటే ఏరి చెక్కపెట్టెలో వేయమన్నాడు. అన్నయ్య పెట్టె మూత పట్టుకునే పని మాత్రం ఒప్పుకున్నాడు, అదీ కళ్లు మూసుకుని. పద్ధతి చూస్తే చాలా తేలిక. ఇద్దరు మనుషులంత పొడుగు కర్ర, దానికి గాలికి ఎగిరే పట్టుదారం, చివర కొక్కేనికి రెండు పురుగులు. కర్ర నిలువుగా పట్టుకుంటే గాలి దారాన్ని ముందుకు తీసుకుపోతుంది, పురుగులు నీటి మీద ఆడతాయి. మనం చేయవలసింది ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని చేయడమే నాకు చేతకాలేదు.

పావుగంటలో నీళ్లు పగిలి, బంగారు రంగు మూతి ఒకటి బయటికొచ్చి పురుగుల్ని లోపలికి లాగింది. మా పంట కాలవలో బెండు మునిగిందంటే ఇంక ఆలోచన లేదు, వెదురు బద్దని నెత్తి మీదుగా వెనక్కి విసిరి కొట్టడమే. అదే చేశాను. చేప నోట్లోంచి కొక్కెం ఊడొచ్చి, పడవ మీదుగా ఎగిరి, తాత టోపీని తగులుకుని, టోపీతో సహా సరస్సులో పడింది.

"గ్రాండ్" అన్నాడు తాత బట్టతల తడుముకుంటూ. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "లాగకు. చేప పురుగుని పట్టి కిందికి తిరగాలి, అంతవరకూ ఆగాలి. మా చిన్నప్పుడు ప్రార్థనలో ఒక వాక్యం నిదానంగా చదువుకుని, అప్పుడు ఎత్తేవాళ్లం. నీకొచ్చిన ప్రార్థన ఏదైనా చదువుకో."

రెండోసారి చేప వచ్చినప్పుడు నాకు ఒక్క ప్రార్థనా గుర్తు రాలేదు. వచ్చింది రెండో ఎక్కం. "రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు" అని గట్టిగా అప్పజెప్పి కర్ర ఎత్తాను. బరువు తగిలింది! కర్ర వంగింది. తాత వల పెట్టి చేపని పైకి తీసి, "ఏ దేవుడికి ప్రార్థన అది?" అని అడిగాడు. "లెక్కల మాస్టారికి" అన్నాను.

ఆనందం అరనిమిషం. తాత చేపని పడవ అంచు మీద కత్తితో చెక్కిన కొలత గీత పక్కన పడుకోబెట్టాడు. గీతకి బొటనవేలంత తక్కువొచ్చింది. క్లబ్బు నియమం ప్రకారం వదిలేయాలట.

"కొంచెం తోక సాగదీసి చూడమనరా!" అన్నాడు అన్నయ్య, నియమం ప్రకారం సరస్సు అవతలి ఒడ్డు వైపే తిరిగి ఉండి. నేను అనువదించలేదు. దాంతో వాడే తిరిగి ఇంగ్లీషులోకి దిగాడు. "సర్, నా భార్య గర్భవతి. మూడు వారాలుగా తిండి లేదు. ఈ చేప కావాలనే అడిగింది."

తాత టోపీ లేని తలని గౌరవంగా వంచాడు. "చాలా సంతోషం బాబూ. కాని చేపకి ఆ విషయం తెలియదు కదా." తడిచేతులతో దాన్ని నీళ్లలో పట్టుకుని, ఊపిరందే దాకా ఆగి, వదిలేశాడు. అది తోక ఆడించి పోయింది. అన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోయిందిరా" అన్నాడు, ఇంట్లో మనిషే పోయినట్టు. "పోలేదు అన్నయ్యా, ఇంటికెళ్లింది" అన్నాను. నాకు మాత్రం ఆ జోకు నవ్వు తెప్పించలేదు. సోఫాలో కళ్లు మూసుకుని అడిగిన మొహం గుర్తొచ్చింది. అంతవరకూ అది నా గొప్పల వ్యవహారం. అక్కణ్ణుంచి నిజంగానే చేప కావాలనిపించింది.

సరిగ్గా అప్పుడు గాలి పడిపోయింది. సరస్సు అద్దంలా అయిపోయింది, పట్టుదారం తడిసిన జడలా కర్రకి వేలాడింది. గంట గడిచింది. పులిహోర అయిపోయింది (తాత మూడుసార్లు వేయించుకున్నాడు, కరివేపాకు కూడా నమిలేశాడు). ఇంక లాభం లేదని ఒడ్డుకి పోదామంటుంటే అన్నయ్య చేతులు జోడించాడు. "స్వామీ, కాస్త గాలి పంపించు. గుండు చేయించుకుంటాను."

"అన్నయ్యా, శనివారం పూట, ఆయన్నే, చేప కోసం అడుగుతున్నావా?"

"నేను అడిగింది గాలిరా. మిగతాది నీ బాధ్యత."

గాలి వచ్చింది. ఎవరు పంపారో నేను చెప్పను. నీళ్లు ముడతలు పడ్డాయి, పురుగులు ఆడాయి, నీళ్లు మళ్లీ పగిలాయి. ఈసారి ఎక్కం అప్పజెప్పింది నేనొక్కణ్ణే కాదు. వెనక్కి తిరిగి కూర్చున్న అన్నయ్య కూడా గొంతు కలిపాడు. ఆరు దగ్గర ఎత్తాను. చేప పడవ కిందికి పరిగెత్తింది, పైకెగిరింది, నేను అరిచాను, తాత "దారం వదులు, దారం వదులు" అన్నాడు. చివరికి వలలోకి వచ్చింది. ఒళ్లంతా ఎర్రచుక్కలు, నల్లచుక్కలు, పొట్ట వెన్నరంగు. గీత దాటి నాలుగు వేళ్లు.

"ఎంతుందిరా? ఎంతుంది?" అన్నాడు అన్నయ్య అవతలి ఒడ్డుకేసే చూస్తూ.

"తిరిగి చూసుకో."

"చూడటం కూడా ముట్టుకోవడం కిందికే వస్తుందేమో!"

ఇంటికొచ్చాక అసలు కథ. వదినకి పచ్చి వాసన పడదు కాబట్టి మేడ మీద గదిలో తలుపేసుకుంది. అన్నయ్యకి శనివారం. నాకు వచ్చిన వంట నూడుల్స్. మా అమ్మని వీడియో కాల్‌లో పెట్టి, ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి, ఆవిడ చెప్పినట్టల్లా చేశాను. చింతపండు పులుసు మరిగి, చేపముక్కలు వేశాక ఆవిడ "చూడు నాన్నా, ముఖ్యమైన సంగతి..." అంటుండగా ఫోన్ పులుసులోకి జారబోయింది. పట్టుకునే హడావుడిలో కాల్ కట్టయింది. ముఖ్యమైన సంగతి బాగా కలపమనే అయి ఉంటుందనుకున్నాను. గరిట పెట్టి చక్కగా, మనస్ఫూర్తిగా, ఐదు నిమిషాలు కలిపాను. ట్రౌటు మన బొచ్చె లాంటిది కాదు, మహా సున్నితం. అమ్మ మళ్లీ ఫోన్ చేసి, "గరిట మాత్రం పెట్టకు, గిన్నె పట్టుకుని తిప్పాలంతే" అనే సమయానికి గిన్నెలో ముక్కలు లేవు. ముళ్లు ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని మా జిల్లాలో తెలిస్తే ఇప్పటికీ నన్ను ఊళ్లోకి రానివ్వరు. చేపల పులుసుని టీ వడగట్టుతో వడగట్టాను.

వదిన కిందికొచ్చి కూర్చుంది. వేడన్నం మీద పులుసు పోశాను. గరిటతో గిన్నెలో వెతికింది. "మరిదీ, చాప యాడుంది?"

"అంతటా ఉంది వదినా. కంటికి కనిపించదు."

ఆవిడ నన్ను చూసింది, వడగట్టుని చూసింది, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. రెండో ముద్ద. మూడోది. పళ్లెం ఖాళీ అయ్యింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఆవిడ లేచి పరిగెత్తుతుందని బాత్రూమ్ దారిలో కుర్చీ కూడా జరిపి పెట్టాడు అన్నయ్య.

"గట్ల మీది మీదికొచ్చి నిలవడకుర్రి, పురుడేం వోస్తలేరు" అంది వదిన. "ఇంకింత అన్నం వెట్టు."

అన్నయ్య వంటింట్లోకి వెళ్లి ప్రెస్సు తలుపు చాటున ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు కళ్లలో కారం పడింది, అంతే. గిన్నె ఆవిడే ఖాళీ చేసింది కాబట్టి నేను పట్టిన మొదటి ట్రౌటు రుచి ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ కడుపులోని పాపకి ఇప్పుడు మూడేళ్లు. చేప పెడితే "నో వే, బాబాయ్" అని అక్కడి క్లేర్ జిల్లా యాసలో మొహం తిప్పుకుంటుంది. నేనిప్పుడు డబ్లిన్‌లో, చెర్రీవుడ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ప్రతి మే నెలలోనూ సరస్సుకి వెళతాను. సొంత కర్ర ఉంది, జేబులు పదకొండున్న చొక్కా ఉంది, గాలి వాటం చూసి మాట్లాడే గొంతు కూడా వచ్చింది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి ఓపిక గురించి ఉపన్యాసం ఇస్తాను. ఇప్పుడు నేను చేసేదంతా పద్ధతి ప్రకారమే ఉంటుంది, చేపలే సరిగ్గా పడవు. అలాంటి సాయంత్రాల్లో, ఏమీ రాకపోయినా "నేను చూసుకుంటా" అని అందరి ముందూ అనేసిన ఆ కుర్రాణ్ణి ఒక్కసారి పడవలో ఎక్కించుకోవాలనిపిస్తుంది. నోరు మూసుకుని కూర్చుంటానంటేనే సుమా. కూర్చోడు, నాకు తెలుసు. అయినా ఎక్కించుకుంటాను.