పురుగు తిన్న పుట్టగొడుగు

మందస కొండవార ఊళ్లో కుళాయి దగ్గర సింహాచలమ్మ బిందె పెడితే పక్క బిందెలు జరిగిపోతాయి. "సెల్లికి ఇసం పెట్టిన సెయ్యి" అని ఆమెకు వినపడేలాగే అంటారు. ఆమె నీళ్లు పట్టుకుని తల దించుకుని వెళ్లిపోతుంది. వాంతులు ఆగాయని చెల్లెలు కళావతిని ఇంటికి పంపేసిన ఆసుపత్రిని మాత్రం ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

నిరుడు శ్రావణంలో విడవని ముసురు. జీడితోటలు దాటి అడవిలో అక్కచెల్లెళ్లిద్దరూ పుట్టగొడుగులు ఏరుతున్నారు. ఓ చెట్టు మొదట్లో తెల్లటి గొడుగులు విచ్చుకుని ఉన్నాయి.

"అప్పా, ఇవి మనం తినేవేనా? కాడ కింద సంచిలాగుంది ఏటి?" అంది కళావతి.

సింహాచలమ్మ ఒకదాన్ని విరిచింది. లోపల ఈగపురుగులు తెల్లగా మెలికలు తిరుగుతున్నాయి. అమ్మ నేర్పింది ఒక్కటే: పురుగు తిన్నదాన్ని మనిషీ తినొచ్చు.

"పురుగే సావనేదు, నువ్వు సత్తావేటే? బయమైతే నాకొగ్గీ, నానే తినేత్తాను."

"ఆశ సూడు! సగం నావే," అని నవ్వింది కళావతి.

ఆ పూట సింహాచలమ్మ జ్వరం తగిలి గంజి తాగి పడుకుంది. ఉప్పునీళ్లలో పురుగులు దులిపి వండిన కూర కళావతి ఒక్కతే తింది. మర్నాడు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. "పుట్టగొడుగులు తిన్నాది బాబూ" అని సింహాచలమ్మ మొత్తుకుంది. "తగ్గిందిగా, తీసుకెళ్లండి" అన్నారు. ఇంటికొచ్చి చెల్లెలు కడుపునిండా అన్నం తింది. ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం పాడైందని పెద్దాసుపత్రిలో తేల్చేసరికి మనిషే లేదు.

దినాలయ్యాక సింహాచలమ్మ ఆ చెట్టు దగ్గరికి వెళ్లింది. మిగిలిన గొడుగులు కుళ్లి నల్లగా కారుతున్నాయి. ఆ జిగటలో పురుగులు లుకలుకలాడుతున్నాయి. కార్తీకానికి గొడుగూ లేదు, పురుగూ లేదు. మాఘంలో ఆకులు గీరి చూస్తే మట్టిలో గోధుమరంగు గింజల్లాంటి పురుగు గూళ్లు. ఎండలన్నీ అలాగే గడిచాయి. ఈ ఏడు వానలు పడ్డాక ఆ గూళ్లు ఖాళీ. కొత్త గొడుగుల మీద చిన్న ఈగలు ముసురుతున్నాయి. చెల్లెల్ని చంపినదాన్ని తిని అవి పిల్లాపాపలతో బతుకుతున్నాయి. పురుగు కడుపు వేరు, మనిషి కడుపు వేరు.

మొన్న కళావతి కూతురు లక్ష్మీప్రియ ఒడినిండా పుట్టగొడుగులు తెచ్చింది.

"పెద్దమ్మా, మంచివే! ఇరిసి సూసినాను, పురుగులున్నాయి."

సింహాచలమ్మ ఆ ఒడి లాగి అన్నీ పెంటకుప్పలో పారబోసింది. ఇన్నాళ్లూ లేవని గొంతు వీధంతా వినపడింది. "మీ యమ్మని సంపింది ఈ మాటేనే! నానే సెప్పినాను ఆ మాట!"

"ఇప్పటికి ఒప్పుకుంది," అంది పక్కింటామె. ఆ సాయంత్రం పక్కింటి పొయ్యి మీద ఉడికిందీ పురుగు చూసి ఏరిన పుట్టగొడుగుల కూరే.

ఈ వానల్లో మీ ఇంట్లో ఎవరైనా "పురుగుంది కదా, తినొచ్చు" అంటే ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. తిన్నాక వాంతులైతే, అవి ఆగిపోయినా సరే, ఇంటికి రాకండి. మిగిలిన ముక్క పట్టుకెళ్లి చూపించండి. కాలేయం పరీక్ష చెయ్యమని గట్టిగా అడగండి. పంపేస్తామంటే పదిమందీ కలిసి గుమ్మంలో నిలబడండి.