ఐదు నిమిషాలు ఆపిన బస్సు

మంగళవారం పొద్దున తలుపు తీసేసరికి ఎదురింటి ముందు జనం. ఆ ఇంటి బాబాయిగారు నిద్రలోనే పోయారు. ముందు రోజు కూడా నాతోపాటే దిల్‌సుఖ్‌నగర్‌లో మొదటి మెట్రో ఎక్కిన మనిషి.

బస్ కంట్రోలర్‌గా రిటైరయ్యారు. ఆయన ఈడువాళ్లు పార్కుకు వెళితే, ఈయన రైల్లో ఎల్.బి.నగర్ దాకా వెళ్లి వచ్చేవారు. పక్కన ఎవరు కూర్చున్నా ఒకటే ప్రశ్న: "దిగినంక ఎట్ల పోతవ్?" వాళ్లు విసుక్కుంటే నాకు సిగ్గేసేది. ఆయనకు అదేం పట్టేది కాదు.

"రైలు ఒకరిది, బస్సు ఒకరిది, ఆటో ఎవరిదో. అన్నిటికీ కలిపి ఒక్క ఆఫీసు ఉండాలె బిడ్డా. లేకుంటే నడుమ దిగినోడు ఎవరి మనిషి?" అనేవారు. పెద్దాయన చాదస్తం అనుకునేదాన్ని, అది నాకు పనికొచ్చేదాకా.

బాటసింగారం దగ్గరి బడిలో నాకు కొత్తగా ఉద్యోగం. ఎల్.బి.నగర్‌లో మెట్రో దిగి బస్సెక్కాలి. ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దన్నారు. ఆ మర్నాడే నిద్ర లేవలేక మొదటి రైలు అందుకోలేకపోయాను. నాకోసం ఆగిపోయిన బాబాయిగారు, తెలిసిన కండక్టర్‌కు ఫోన్ చేశారు. "జర ఐదు నిమిషాలు ఆపు, మా బిడ్డ ఒస్తున్నది." బస్సు ఆగింది. మహారాణిలా ఎక్కాను. బడికీ అందుకున్నాను.

సాయంత్రం ఆ కండక్టరే బాబాయిగారికి అసలు సంగతి చెప్పాడు. బస్సులో పండ్ల మార్కెట్ పనికి వెళ్లే నలుగురు ఆడవాళ్లున్నారు. ఆ ఐదు నిమిషాల్లో మార్కెట్ గేటు దగ్గర మేస్త్రీ వేరేవాళ్లను పనిలోకి తీసేసుకున్నాడు. నలుగురికీ ఆ రోజు పని పోయింది.

మర్నాడు ఆయన నాతో బస్సెక్కి, వాళ్ల ముందు నిలబడి తప్పయిందన్నారు. ఒకామె మొహమాటం లేకుండా అడిగింది. "మేడమ్ కోసం బస్సు ఆపినవ్ పెద్దాయనా. మా కోసం మేస్త్రీ ఆగిండా?" నేను తలెత్తలేకపోయాను.

"ఇన్నేండ్లు బస్సులు ఆపిన. లోపల కూసున్నోళ్లను ఎన్నడూ అడగలే," అన్నారు ఇంటికొచ్చాక.

ఆ వారమే ఎల్.బి.నగర్‌లో ఒక ఆటో అన్నను మాట్లాడిపెట్టారు. బస్సు దాని వేళకు పోవాలి, రెండో రైల్లో వచ్చేవాళ్లను ఆటో తీసుకెళ్లాలి. ఎవరొస్తున్నారో, ఏది వెళ్లిపోయిందో అందరికీ ఫోన్‌లో ఆయనే చెప్పేవారు. నా ఉద్యోగం నిలిచిందంటే ఆయన వల్లే.

ఆయన పోయిన పదో రోజున, ఇంటి ముందు టెంటు కింద కండక్టర్, ఆటో అన్న పక్కపక్కనే కూర్చున్నారు. రోజూ ఒకే రోడ్డు మీద తిరుగుతూ కూడా అంతకుముందు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదట.

"రెండో రైల్ల ఎవరొస్తున్నరో ఇగ నుంచి నాకెవరు చెప్తరు?" అన్నాడు ఆటో అన్న.

"నేను చెప్తానండీ," అన్నాను.

ముగ్గురం నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటుంటే, వెనక కుర్చీలోంచి ఆ మార్కెట్ ఆమె లేచి వచ్చింది.

"నాది గూడ రాస్కోరి. ఆపే ముందు మమ్ముల అడగాలె."

కండక్టర్ కుర్చీలోంచి లేచాడు. ఆమె చెబుతున్న అంకెలు ఒక్కొక్కటే పైకి అంటూ ఫోన్లో నొక్కుకున్నాడు.